పాలు కక్కే బిడ్డకి చుక్కల మందా, భుజం మీద అరగంటా?

పర్లాకిమిడిలో మా చెల్లెలి ఇంట్లో అడుగు పెట్టగానే విరిగిన పాల వాసన తగిలింది. దాని భుజం మీద ఒక పాత తువ్వాలు, తువ్వాలు మీద మూడు నెలల పిల్లాడు. తాగిన పది నిమిషాలకే పెరుగు తరకల్లా కక్కేసి, మాకేసి చూసి నవ్వుతాడు. వాళ్ల అత్తగారు దిష్టి అన్నారు. ఊరి నుంచి వచ్చిన చుట్టమొకావిడ పొట్ట మీద వాతలు పెట్టించమంది. మందుల షాపు అబ్బాయి చీటీ కూడా అడక్కుండా వాంతులు ఆపే డోంపెరిడోన్ చుక్కల సీసా ఇచ్చేశాడు.

దిష్టి తీస్తే పోయేదేం లేదు, కాస్త ఉప్పూ నాలుగు మిరపకాయలూ. వాతలు మాత్రం వద్దే వద్దు. ఒడిశాలోనే నవరంగపూర్ వైపు కాలిన పొట్టలతో ఆస్పత్రిలో చేరుతున్న పసికందులు ఇప్పటికీ ఉన్నారు. ఇక తేల్చుకోవాల్సింది సీసా సంగతే.

ఈ వయసులో అన్నవాహిక కింద ఉండే కండరం ఇంకా గట్టిగా బిగుసుకోదు. పైగా తాగేవన్నీ పాలే, ఉండేదంతా పడుకునే. అందుకే కక్కుతారు. నాలుగో నెల దగ్గర బాగా ఎక్కువై, ఏడాది, ఏడాదిన్నర నిండేసరికి చాలామందికి దానంతటదే పోతుంది. మందుతో తగ్గిందని మనం మురిసిపోయేది చాలాసార్లు వయసుతో తగ్గిందే.

డోంపెరిడోన్ గుండె లయని చెడగొట్టే ప్రమాదం ఉందని యూరప్‌లో 2014లోనే ఆంక్షలు పెట్టారు. 12 ఏళ్ల లోపు పిల్లలకి వాడొద్దని 2019లో బ్రిటన్ చెప్పేసింది. గ్యాస్ మందులని ఇచ్చేవి కడుపులో పులుపుని తగ్గిస్తాయి గానీ కక్కుని ఆపవు. ఆ పులుపే క్రిముల్ని చంపేది. అది తగ్గితే విరేచనాలు, నిమోనియా రావడం తేలిక. అన్నవాహిక పుండు పడిందని డాక్టరు తేల్చి రాస్తే సరే, లేకపోతే నా ఓటు తువ్వాలుకే.

తువ్వాలుతో పాటు ఇంకా చేయాల్సినవి ఉన్నాయి. మా చెల్లి ఏం చేస్తోందో ఒక పూటంతా కూర్చుని చూశాను. వాడు కిర్రుమంటే చాలు, సీసా నోట్లో పెట్టేది. డబ్బా పాల చెంచా గోపురంలా నింపేది. సీసాని అడ్డంగా పట్టేది, పాలతో పాటు గాలీ లోపలికే. తాగగానే ఉయ్యాల్లో వేసి ఊపేది. 'ఏడుపంటే ఆకలేనేంటే?' అంటే దానికి కోపమొచ్చింది. చెంచా సమానంగా కొట్టి, కొంచెం కొంచెం ఎక్కువసార్లు పట్టి, మధ్యలో త్రేన్పు తీయించి, తర్వాత ఇరవై, ముప్పై నిమిషాలు భుజాన నిలువుగా వేసుకుంటే రెండు వారాల్లో తువ్వాళ్లు సగానికి తగ్గాయి. పడుకోబెట్టేది మాత్రం వెల్లకిలానే, కక్కుతున్నాడని బోర్లా వేయకూడదు. తల్లిపాలు తాగేవాళ్లకి ఆపాల్సిన పనే లేదు. ఒంటి మీద దద్దుర్లు, విరేచనంలో నెత్తుటి జీర కనిపిస్తే ఆవుపాలు పడకపోవడం కావచ్చు. డాక్టరుని అడిగి రెండు నుంచి నాలుగు వారాలు మానేసి చూడాలి. బదులుగా మేకపాలు పట్టడం దండగ, ఆవుపాలు పడనివాళ్లకి చాలావరకు అవీ పడవు.

ఇదంతా బరువు పెరుగుతున్న బిడ్డ సంగతి. ఒడిశా ఊళ్లలో తల్లీబిడ్డల్ని చూసే మమతా దివస్ రోజు తూకం వేసి కార్డులో పెట్టే చుక్కలు పైకి పోతుంటే టెన్షన్ అక్కర్లేదు. గీత అడ్డంగా పడుకుంటే డాక్టరు చూడాల్సిందే. పచ్చగా కక్కినా, నెత్తురు పడినా, పొట్ట ఉబ్బినా, మగతగా ఉన్నా, ఆరేడు గంటలు ఉచ్చ పోయకపోయినా రాత్రని చూడొద్దు. రెండు నుంచి ఎనిమిది వారాల పిల్లాడు పిచికారీలా దూరంగా కక్కి మళ్లీ ఆకలికి ఏడుస్తుంటే కడుపు చివర కండరం దళసరెక్కి ఉండొచ్చు, దానికి ఆపరేషనే మందు. బరంపురమో శ్రీకాకుళమో, ఏది ముందు అందితే అక్కడికి.

ఆర్నెల్లు దాటాక వచ్చే రెండో గొడవ, తినకపోవడం. కాళ్ల మీద పడుకోబెట్టి, ముక్కు నొక్కి, ఉగ్గు గిన్నెతో పోసేయడం మన పెద్దాళ్లకి అలవాటు. అలా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, గిన్నె చూస్తేనే ఓకరింత మొదలవుతుంది. కూర్చోబెట్టి, చోడి (రాగి) జావో అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా పిండో చెంచాకి అంటుకునేంత చిక్కగా చేసి, వాడు నోరు తెరిస్తేనే పెట్టడం మేలు. రెండు చెంచాలే తిన్నాడా, సరే.

మింగడమే రాని పిల్లలకి ఈ ఓపిక సరిపోదు. గుణుపూర్‌లో తెలిసినవాళ్ల పాపకి పుట్టినప్పుడు మెదడుకి దెబ్బ తగిలింది. మొదట ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేశారు. కొన్ని వారాల వరకైతే అదే తేలిక, కోత ఉండదు. కానీ రాత్రి రెండుసార్లు పీకేసుకునేది, బుగ్గ మీద టేపు వాతలు, వేసిన ప్రతిసారీ వాంతి. పాలు పోసే ముందు గొట్టం కడుపులోనే ఉందో లేదో చూసుకోవాలని వాళ్లమ్మకి ఒకటే భయం. నెలలు గడిచాక విశాఖలో పొట్టకే గొట్టం పెట్టించారు. పెట్టేటప్పుడు ఆపరేషన్, ఆ తర్వాత రంధ్రం చుట్టూ రోజూ శుభ్రం చేయడం, అయినా నెలల తరబడి కావాల్సినవాళ్లకి నేను దీన్నే చెప్తాను. ముఖం ఖాళీ అవుతుంది, నోటికి రుచి చూపించడానికి వీలుంటుంది. మొన్న వెళ్లినప్పుడు గొట్టంలో జావ దిగుతుంటే ఆ పాప వాళ్లమ్మ వేలికంటిన బెల్లం పాకం నాకుతోంది.