గులాబీ పురుగుకు లింగాకర్షక బుట్టలు: కొనొచ్చు, కానీ ఎర తేదీ చూసుకోండి

మాది వరంగల్ జిల్లా, నల్లరేగడి భూమి. ఈ ఏడు పత్తిలో గులాబీ రంగు పురుగు కోసం లింగాకర్షక బుట్టలు పెట్టాం. పైన ప్లాస్టిక్ మూత, దాని కింద గాసిప్లూర్ ఎర, కిందికి వేలాడే పొడవాటి పాలిథిన్ సంచి. గులాబీ పురుగే పెరిగి రెక్కల పురుగు అవుతుంది; ఆడ రెక్కల పురుగు వదిలే వాసనే ఆ ఎరకూ ఉంటుంది. మగవి వెతుక్కుంటూ వచ్చి సంచిలో పడతాయి.

పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యే బీటీ విత్తనమే కదా అని ధీమాగా ఉండే రోజులు పోయాయి. మొదటి తరం బీటీని ఈ పురుగు తట్టుకుంటోందని 2010లోనే గుజరాత్‌లో బయటపడింది. తర్వాత రెండో తరం బీటీకీ లొంగలేదు.

బుట్టలే పురుగును అంతం చేస్తాయని దుకాణంలో చెబుతారు, నమ్మకండి. ఒక్కో మగ పురుగు చాలా ఆడవాటితో కలుస్తుంది, తప్పించుకున్న కొన్ని చాలు. బుట్ట విలువ వేరే ఉంది. రెక్కల పురుగు వేలి గోరంత కూడా ఉండదు, బూడిద రంగు, పగలు కంటపడదు. రాత్రిపూట మొగ్గల మీద, లేత కాయల మీద గుడ్లు పెడుతుంది. నాలుగైదు రోజుల్లో పొదిగి, పిల్ల పురుగు వెంటనే కాయలోకి దూరుతుంది. దూరిన రంధ్రం పూడిపోతుంది. పైకి కాయ నిగనిగలాడుతుంటే లోపల గింజలు తింటూ రెండు వారాల్లో ఆ తెల్ల పురుగు గులాబీ రంగుకు తిరుగుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన మందు కొట్టినా దానికి తగలదు. అందుకే రెక్కల పురుగులు ఎప్పుడు ఎక్కువయ్యాయో తెలియాలి, అది చెప్పేది ఈ బుట్టే.

బుట్టకు రోజుకు 8 చొప్పున వరుసగా 3 రోజులు పడితే మందు కొట్టమంటారు శాస్త్రవేత్తలు. పొద్దున్నే సంచి కొస విప్పి లెక్కపెట్టి నోటుబుక్కులో రాసేది మా అత్తమ్మ. పక్క చేనోళ్లు కొట్టారని కాకుండా, ఆమె లెక్క చూసే కొట్టాం.

నచ్చనివీ ఉన్నాయి. సంచి మరీ పలుచన, గాలివానకు చిరిగింది. ఒక ఎర ప్యాకెట్ మీద తేదీ చెరిగిపోయి ఉంటే దుకాణం వాళ్లు మార్చివ్వలేదు. ఇది చిన్న విషయం కాదు. ఎర పాతదైతే బుట్ట ఖాళీగా ఉంటుంది, పురుగే లేదని మనం నిశ్చింతగా కూర్చుంటాం.

విత్తిన 45 రోజులకు పెట్టండి, పైరు కన్నా అడుగు ఎత్తులో, పైరు పెరిగేకొద్దీ పైకి జరుపుతూ. మిగిలిన ఎరలు ఫ్రిజ్‌లో దాచండి. జిన్నింగ్ మిల్లు పక్కన చేనున్నవాళ్లు ఇంకా జాగ్రత్త, నిల్వ పత్తిలోంచే రెక్కల పురుగులు లేచి వస్తాయి.