సలమాంకాలో స్పానిష్ వాళ్లింట్లో ఒక వేసవి: మన అనంతపురం వాళ్ల కోసం

అనంతపురంలో స్పానిష్ మాట వినపడడం వింతేమీ కాదు. స్పెయిన్ నుంచి వచ్చిన ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవాసంస్థ పెట్టిన తర్వాత స్పెయిన్ నుంచి మనుషులు వస్తూనే ఉన్నారు, బత్తలపల్లి ఆసుపత్రి దగ్గరో ఆర్‌డీటీ క్యాంపస్ దగ్గరో ఎవరో ఒకరు కనిపిస్తారు. నేను కూడా ఇక్కడే నేర్చుకున్నా. వ్యాకరణం బాగానే వచ్చింది, స్పానిష్ ఉత్తరాలు చదివి తెలుగు చేసేదాన్ని, కానీ ఎదుటి మనిషి మామూలు వేగంతో మాట్లాడితే సగం పట్టుబడేది కాదు. అందుకే డబ్బు కూడబెట్టుకుని వేసవిలో స్పెయిన్‌లోని సలమాంకా అనే ఊరికి వెళ్లి, ఒక కుటుంబంతో ఉండి, పొద్దున పూట క్లాసులకు వెళ్లి వచ్చా. ఇంకెవరైనా వెళ్లాలనుకుంటే నేను గట్టిగా చెప్పేది ఒకటే: స్కూలు గురించి ఎంత ఆరా తీస్తారో, ఉండబోయే ఇంటి గురించి అంతకు రెండింతలు తీయండి.

వీసా గురించి క్లుప్తంగా. 90 రోజుల లోపు కోర్సయితే షెంజెన్ వీసా (స్పెయిన్‌తో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే స్వల్పకాలపు వీసా) సరిపోతుంది, అంతకు మించితే స్టూడెంట్ వీసా, దాని కాగితాలు వేరే. షెంజెన్ వీసాకు ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోలకు ఉండాలి. వసతికి రుజువుగా స్కూలు ఇచ్చే లెటర్ పెట్టొచ్చు, కాబట్టి ఇల్లు ఖరారు కాకుండా ఫీజు మొత్తం కట్టొద్దు. మనకు ఉన్న ఒక సుఖం ఏంటంటే బెంగళూరు ఎయిర్‌పోర్టు దేవనహళ్లిలో, అంటే మనం వెళ్లే హైవే మీదే ఉంది, ఊళ్లోకి దూరి ట్రాఫిక్‌లో ఇరుక్కునే పని లేదు. మాడ్రిడ్‌లో దిగాక సలమాంకాకు బస్సులో రెండున్నర గంటలు.

మాడ్రిడ్‌లోనే ఉండిపోవచ్చు కదా అని చాలామంది అడిగారు. పెద్ద ఊరు, అద్దెలు ఎక్కువ, ఇంటి నుంచి క్లాసుకు మెట్రోలోనే బోలెడు టైము పోతుంది. బార్సిలోనాలో బయట బోర్డుల నుంచి కబుర్ల దాకా ఆ ప్రాంతపు భాష కాటలాన్ కూడా నడుస్తుంది, స్పానిష్ కోసమే వెళ్లేవాళ్లకు అది అనవసరపు తికమక. సలమాంకా చిన్నది, ఎక్కడికైనా నడిచిపోవచ్చు, మాట స్పష్టంగా పలుకుతారు, యూనివర్సిటీ 1218 నాటిది కాబట్టి ఊరంతా చదువుకునేవాళ్లకు అలవాటు పడిపోయింది, తప్పుగా మాట్లాడినా ఎవరూ విసుక్కోరు. పగలు ఎండ గట్టిగానే ఉన్నా రాత్రికి చల్లబడుతుంది, మన మే నెల చూసినవాళ్లకు అదొక లెక్కే కాదు. సాయంత్రం ఊరి నడిబొడ్డు చౌక్ ప్లాసా మయోర్‌లో ఆ పసుపు రాయి మీద దీపాలు వెలిగాక ఊరు ఊరంతా అక్కడికే చేరుతుంది, ముసలివాళ్ల పక్కన బెంచీ మీద కూర్చుంటే వాళ్లే పలకరిస్తారు. అది పైసా ఖర్చు లేని క్లాసు.

ఇక ఇల్లు. నాకు మొదట ఇచ్చిన ఇంట్లో అప్పటికే ఇద్దరు విదేశీ విద్యార్థినులు ఉన్నారు. ముగ్గురం కలిస్తే ఇంగ్లీషే. ఇంటావిడ భోజనం వండి ఫ్రిజ్‌లో పెట్టి పనికి వెళ్లిపోయేది, మేం వేడి చేసుకుని తినేవాళ్లం. గది శుభ్రంగా ఉంది, అన్నం పెట్టారు, కానీ మాట లేదు. దానికి అంత దూరం వెళ్లాల్సిన పని లేదు. స్కూల్లో వసతి చూసే అమ్మాయికి విషయం సూటిగా చెప్పి వేరే ఇల్లు అడిగా. రెండు మూడు సార్లు వెంటపడాల్సి వచ్చింది, చివరికి మార్చారు. మొహమాటపడకండి, డబ్బు కట్టింది మీరు.

రెండో ఇల్లు రిటైరైన దంపతులది. ఆవిడను పేరు పెట్టి పిలవమంటే నాకు నోరు రాలేదు, మనం పెద్దవాళ్లను అలా పిలుస్తామా, కానీ అక్కడ 'సెన్యోరా' (మేడమ్) అంటూ ఉంటే దూరం పెట్టినట్టు బాధపడతారు. మధ్యాహ్నం భోజనం రెండున్నరకు, రాత్రి తొమ్మిదిన్నర దాటాక, అదీ గంటసేపు. తినడం అయిపోయినా ఎవరూ లేవరు. పింఛన్ల గురించి, కూతురి ఉద్యోగం గురించి, గోధుమ పంట గురించి మాట్లాడతారు. మన దగ్గర చెనక్కాయ పంట, బోర్లు ఎండిపోవడం గురించి చెప్పబోయి మాట దొరక్క ఆగితే, ఆయన అందించేవాడు కాదు, నేను తంటాలు పడి చెప్పేదాకా ఓపిగ్గా ఎదురుచూసేవాడు. నా స్పానిష్ నిజంగా కదిలింది ఆ బల్ల దగ్గరే. అందుకే మూడు పూటల భోజనం ఉన్న ప్యాకేజీ తీసుకోండి, బయట తిని మిగిల్చే యూరోల కన్నా ఆ కూర్చోవడం విలువైనది.

తిండి విషయం ముందే రాసి చెప్పండి, వెళ్లాక ఇంట్లో మళ్లీ నోటితో చెప్పండి. మాంసం తిననంటే కూడా పప్పులో చోరిసో (పంది మాంసం సాసేజ్) ముక్కలు పడొచ్చు, హామ్‌ను (ఉప్పుపెట్టిన పంది తొడ మాంసం) కొందరు మాంసం కిందే లెక్కపెట్టరు. బంగాళాదుంపల తోర్తియా అంటే ఆమ్లెట్ లాంటిది, గుడ్డు ఉంటుంది. గస్పాచో అనే చల్లటి టమాటా సూప్ మాత్రం ఎండాకాలంలో ఎంత తాగినా తనివి తీరలేదు. మన చెనక్కాయ పొడి ఒక డబ్బా పట్టుకెళ్లండి, ఇంట్లోవాళ్లు కూడా రొట్టెకు అద్దుకుని తిన్నారు. స్నానం త్వరగా ముగించడం, బట్టలు వారానికోసారి మెషిన్‌లో వేయడం, మధ్యాహ్నం కిటికీల షట్టర్లు దించి చప్పుడు చేయకుండా ఉండడం, ఇవి అక్కడి ఇళ్లలో మామూలు పద్ధతులు, చిన్నబుచ్చుకోవద్దు.

క్లాసులు బాగానే చెప్పారు. మొదటిరోజు పరీక్ష పెట్టి స్థాయి చూసి కూర్చోబెట్టారు. మొదటి నుంచి మొదలుపెట్టేవాళ్లు మాత్రం ఇంత ఖర్చు పెట్టి వెళ్లకండి, ఏ2 (యూరప్ భాషా స్థాయిల్లో రెండోది, రోజువారీ మాటలు వచ్చే స్థాయి) దాకా ఇక్కడే నేర్చుకుని వెళ్తే బల్ల దగ్గర నోరు విప్పగలరు.

చివర్లో దక్షిణ స్పెయిన్‌లోని గ్రనాడా వెళ్లా. అక్కడి పాత కోట అల్హంబ్రా టికెట్టు చాలా ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, లోపలికి పాస్‌పోర్టు అడుగుతారు. చూడాల్సిన చోటే, సందేహం లేదు, కానీ అక్కడివాళ్లు మాట చివరి 'స్' మింగేస్తారు, కొత్తవాళ్లకు చెవి కుదరడం కష్టం. నేర్చుకోవడానికి సలమాంకా, తిరగడానికి గ్రనాడా.

వెళ్లే నెల కూడా చూసుకోండి. ఆగస్టులో చాలా కుటుంబాలు సముద్రం ఒడ్డుకో సొంతూళ్లకో వెళ్లిపోతాయి, చిన్న దుకాణాలు మూసేస్తారు, మంచి ఇళ్లు దొరకవు. జూన్, జూలైల్లో పెట్టుకోండి, ఇంటి కోసం ఫిబ్రవరిలోనే రాయడం మొదలుపెట్టండి, ఇంట్లో ఇంకెంతమంది విద్యార్థులు ఉంటారో మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.