వేడెక్కితే ఆగిపోయే పాత కారుకు స్పార్క్ టెస్టర్

కాంటాక్ట్ పాయింట్లతో (స్పార్క్ కోసం కరెంటును కలుపుతూ తెంచుతూ ఉండే చిన్న లోహపు స్విచ్‌తో) నడిచే నా పాత కారు చల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే స్టార్ట్ అయ్యేది కానీ, 20 నిమిషాలు నడిచి వేడెక్కాక దగ్గి దగ్గి ఆగిపోయేది. కార్బురేటర్‌ను రెండుసార్లు విప్పి కడిగినా ఫలితం లేకపోవడంతో, పెట్రోలును మండించే స్పార్క్ (రవ్వ) ఎంత బలంగా ఉందో చూపే, రవ్వ దూకే గ్యాప్ మార్చుకునే వీలున్న ఈ స్పార్క్ టెస్టర్‌ను కొన్నాను.

కాయిల్ (స్పార్క్‌కు కావలసిన ఎక్కువ వోల్టేజీని పుట్టించేది) నుంచి వచ్చే హై టెన్షన్ వైరును దీనికి తగిలించి, క్లిప్పును ఇంజిన్ లోహానికి పట్టించి, స్టార్టర్ తిప్పితే చాలు. గ్యాప్ 6 మి.మీ. పెట్టి చూసినప్పుడు, చల్లటి ఇంజిన్‌లో నీలి రవ్వ టిక్కు టిక్కుమంటూ దూకింది. వేడెక్కి ఆగిన వెంటనే చూస్తే అదే గ్యాప్‌లో సన్నని నారింజ గీత, అదీ వచ్చీ రానట్టుగా కనిపించింది. లోపం పెట్రోలుది కాదని అక్కడే తేలిపోయింది. స్పార్క్‌ను ఒక్కో సిలిండర్‌కు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీయగా లోపలి పాయింట్ల ముఖాలు మాడి గుంటలు పడి ఉన్నాయి. పాయింట్లు విడిపోయేటప్పుడు వాటి మధ్య రవ్వలు రాకుండా చూసే కండెన్సర్ చెడిపోతే సాధారణంగా జరిగేది ఇదే. కండెన్సర్‌ను, పాయింట్లను మార్చి, పాయింట్ల గ్యాప్‌ను మాన్యువల్ ప్రకారం 0.4 మి.మీ.కు సరిచేశాక కారు మళ్లీ ఆగలేదు.

బల్బు వెలిగే రకం టెస్టర్ స్పార్క్ ఉందో లేదో మాత్రమే చెబుతుంది, దాని బలాన్ని చెప్పదు. అందుకే నాకు ఇదే నచ్చింది. అయితే క్లిప్పు స్ప్రింగు మరీ వదులు. అది జారితే షాక్ కొట్టే ప్రమాదముంది కనుక, నేను గట్టి క్లిప్పు వేయించుకున్నాను.