పాలమూరులో పాత స్పీకర్లకు ఫోమ్ మార్పించాను: చాలాకాలం వాడాక నా అనుభవం

పాత ఎక్స్‌రే ఫిల్మ్‌ను సన్నని పట్టీలుగా కోసి, వాటితో వూఫర్ (బాస్ పలికే పెద్ద స్పీకర్) కాయిల్‌ను, అంటే దాన్ని కదిలించే తీగచుట్టను, సరిగ్గా మధ్యలో నిలబెట్టే మనిషి మా మహబూబ్‌నగర్‌లోనే ఉన్నాడని తెలిసినప్పుడు కలిగిన సంతోషం నాకు ఇంకా తగ్గలేదు. అందుకే ఈ సమీక్ష.

స్పీకర్ల గురించి రెండు ముక్కలు చాలు. తొంభైల నాటి జపాన్ డెక్‌తో వచ్చిన జత, 8 అంగుళాల వూఫర్లు. మా మామ భివండిలో పనిచేసే రోజుల్లో సెకండ్‌హ్యాండ్‌లో కొని బొంబాయి బస్సు డిక్కీలో వేసి పంపాడు. కొన్నేళ్లు బ్రహ్మాండంగా మోగాయి. తర్వాత బాస్ వచ్చినప్పుడల్లా బరబరమని గీరుడు మొదలైంది. ముందున్న జాలీ తీసి చూస్తే కోన్ (ఊగి శబ్దం చేసే గరాటు) చుట్టూ ఉండాల్సిన ఫోమ్ రింగు సగం లేదు. మిగిలిన సగం వేలితో తాకితే నల్లటి జిగటపొడిగా ఊడొచ్చింది.

ఇది గట్టిగా మోగించడం వల్ల వచ్చే రోగం కాదు. ఆ రకం ఫోమ్ గాలిలోని తేమకు, ఆక్సిజన్‌కు తనంతట తానే చివికిపోతుంది. అట్టపెట్టెలో భద్రంగా దాచినా 15, 20 ఏళ్లకు అదే గతి. రబ్బరు రింగులు చాలా ఎక్కువకాలం ఆగుతాయి. రింగు పోయిన స్పీకర్‌ను అలాగే మోగిస్తే కోన్ పక్కకు ఒరిగి, కాయిల్ లోపలి ఇనుముకు రాసుకుని కాలిపోతుంది. అప్పుడు ఖర్చు వేరే లెవెల్. హైదరాబాద్‌లో ఒక సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే జాలీ కూడా తీయకుండా, "పార్ట్ రాదు సార్, కొత్తవి తీసుకోండి" అన్నారు.

క్లాక్ టవర్ దగ్గర ఒక మైక్‌సెట్ అద్దెకిచ్చే కుర్రాడు చెబితే ఈ భాయ్ దగ్గరికి వెళ్లాను. బోర్డు కూడా లేని చిన్న షాపు. జాతరలకు, పెళ్లిళ్లకు తిరిగే 15, 18 అంగుళాల పెద్ద స్పీకర్లే ఆయన అసలు పని. నా వూఫర్ చూసి ముందు మీటర్ పెట్టాడు. 8 ఓమ్స్ (కరెంటును అడ్డుకునే కొలత) స్పీకర్‌కు మీటర్‌లో 6 దాకా వస్తే బాగున్నట్టే. వచ్చింది. తర్వాత రెండు బొటనవేళ్లతో కోన్‌ను మెల్లగా, సమంగా నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "కాయిల్ జిందా ఉంది సార్. ఫోమ్ ఒక్కటే పోయింది. గింత దానికి కొత్తవి ఎందుకు?"

ఆ సైజు ఫోమ్ ఆయన దగ్గర లేదు. కోన్ అంచు కొలత తీసుకుని కోఠి గుజరాతీ గల్లీలో తెలిసినాయనకు ఫోన్ చేస్తే ఆర్టీసీ కార్గోలో జత వచ్చింది. మీరే తెప్పించుకుంటే డబ్బాకు ఉన్న రంధ్రం కాదు, కోన్ అంచు కొలవండి. 8 అంగుళాల రింగులన్నీ ఒకే కొలతలో ఉండవు.

పని చేస్తుంటే పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను. పాత ఫోమ్, పాత బంక అంతా బ్లేడుతో, థిన్నర్ గుడ్డతో గీకేశాడు. ఎక్కువ సేపు పట్టింది దీనికే. తర్వాత కోన్ మధ్యలోని టోపీని చుట్టూ కోసి తీశాడు. కాయిల్‌కు, లోపలి ఇనుప దిమ్మకు మధ్య సందు దారం మందమే. అందులోకి ఎక్స్‌రే పట్టీలు నాలుగు వైపులా దింపాడు. ఎవరిదో మోకాలి ఫిల్మ్. పట్టీలు బిగుతుగా దిగాయి కాబట్టి కాయిల్ ఎటూ జరగదు. అప్పుడు ఫోమ్‌ను కోన్‌కు అతికించి ఆరనిచ్చి, తర్వాత చట్రానికి అతికించి, చుట్టూ బట్టల క్లిప్పులు పెట్టాడు. మర్నాడు పట్టీలు లాగేసి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 6 వోల్టుల ఏసీ ఇచ్చాడు. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది కాబట్టి కోన్ ఒకే తీరుగా హమ్ అంటుంది. ఎక్కడైనా గీరితే దాంట్లో దాగదు. రెండూ తుమ్మెదల్లా శుభ్రంగా పలికాయి. ఒక్కోదానికి 600 తీసుకున్నాడు, ఫోమ్ డబ్బులు వేరే.

ఇక ఇంటికొచ్చాక. గీరుడు లేదు, నిజమే. కానీ బాస్ కూడా లేదు. పాట మొత్తం గదిలో ఎక్కడెక్కడో తేలుతోంది, గొంతు మధ్యలో నిలవడం లేదు. కొత్త ఫోమ్ మెత్తబడాలేమోనని కొన్నాళ్లు ఆగాను. అనుమానం తీరక పెన్సిల్ సెల్ ఒకటి తీసుకుని, ప్లస్ ఎర్ర టెర్మినల్‌కు, మైనస్ నల్లదానికి ఒక్క క్షణం తాకించాను. ఎడమ కోన్ బయటికి దూకింది. కుడిది లోపలికి పోయింది. అంటే ఒకటి గాలిని తోస్తుంటే ఇంకొకటి లాగుతోంది, బాస్ మధ్యలోనే చచ్చిపోతోంది. ఊడిన వైర్ల బదులు భాయ్ రెండూ నల్లవే వేసి, ఒక డబ్బాలో ప్లస్, మైనస్ తారుమారుగా అతికించాడు. వెళ్లి చెబితే, "ఎర్ర వైరు అయిపోయిండే సార్," అని నవ్వి అక్కడికక్కడే మార్చాడు. డబ్బులు అడగలేదు. ఆ సాయంత్రం తబలా కుడి ఎడమలు మళ్లీ విడివిడిగా వినిపించాయి.

మరి పైన అంత పొగిడాను కదా, కొంచెం సవరించుకోవాలి. కొత్త ఫోమ్ పాతదానికన్నా కాస్త గట్టిదే అనిపిస్తోంది. అడుగు బాస్ మామ పంపినప్పటంత లోతుగా లేదు. మధ్యలో పెట్టిన కొత్త టోపీ పాతదానికన్నా పెద్దది, నిగనిగలాడుతుంది. జాలీ పెట్టేస్తే కనపడదు గానీ తీసిన ప్రతిసారీ నాకు కడుపు మండుతుంది. మొన్న ఎండాకాలం ఒకచోట బంక లేచింది, మళ్లీ అతికించి ఇచ్చాడు. కాయిల్ మాత్రం ఈ రోజు వరకూ ఒక్కసారి గీరలేదు.

నా గది పది బై పన్నెండు. వినేది పాత పాటలు, అదీ ఇంట్లో వాళ్లు పడుకోకముందు, తక్కువ సౌండ్‌తో. నాకిది చాలు. ఖరీదైన జత ఉన్నవాళ్లు, రేపు అమ్ముకుందామనుకునేవాళ్లు టోపీ కోయకుండా చేసేవాళ్లను వెతుక్కోవడం మంచిది. వెళ్లేవాళ్లు వినాయక చవితి నుంచి దసరా దాకా, మళ్లీ కురుమూర్తి జాతర రోజుల్లో వెళ్లకండి. షాపు నిండా మైక్‌సెట్లవాళ్లే ఉంటారు, ఇంటి స్పీకర్ మూలకు పోతుంది. రెండు డబ్బాలకూ ఎర్ర వైరు, నల్ల వైరు మీరే కొని తీసుకెళ్లండి.

కుడివైపు ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్) ఈమధ్య కాస్త మందగించింది. దాని వరుసలో ఉన్న పాత కెపాసిటర్ ఎండిపోయి ఉంటుందని నా అనుమానం. భాయ్‌ని అడిగితే, "తీసేసి కొత్త ట్వీటర్ వేద్దాం సార్, చమక్ వస్తది" అన్నాడు. ఆ పని మాత్రం ఆయనకివ్వలేదు.