బొచ్చు రాలే ఇంటికి ఏ వాక్యూమ్ క్లీనర్? నాలుగేళ్లు వాడాక చెప్తున్నాను

మా ఇంట్లో బంటి అనే లాబ్రడార్, మల్లి అనే పిల్లి ఉన్నాయి. వాటి బొచ్చు ఊడ్చడానికి ఈ నాలుగేళ్లలో రెండు వాక్యూమ్ క్లీనర్లు కొన్నాను, ఇంకొకటి రెండు నెలలు అడిగి తెచ్చుకుని వాడాను. మొదటిది కొనే ముందు చాలా సమీక్షలు చదివాను. ఎక్కువ భాగం పెట్టె విప్పిన వారానికే రాసినవి. మొదటి వారం ఏ మెషీనైనా బాగానే లాగుతుంది. ఏడాది తిరిగాక దాని పరిస్థితి ఏమిటో చెప్పినవాళ్లు నాకు దొరకలేదు. ఎవరో ఒకరు చెప్పి ఉంటే మొదటి మెషీన్ డబ్బు మిగిలేది.

కంపెనీల పేర్లు రాయడం లేదు. మోడళ్లు ఊరికే మారిపోతుంటాయి, నేను కొన్నదే మీకు దొరుకుతుందన్న నమ్మకం లేదు. కానీ కొనేటప్పుడు చూసుకోవాల్సినవి ఏ మోడల్‌కైనా అవే.

ముందు బొచ్చు సంగతి. లాబ్రడార్‌కి రెండు పొరల బొచ్చు ఉంటుంది. పైది గరుకుగా, లోపలిది దూదిలా మెత్తగా ఉంటుంది. కాలం మారేటప్పుడు లోపలి పొర కుప్పలుగా ఊడుతుంది, మిగతా రోజుల్లో కొంచెం కొంచెంగా రాలుతూనే ఉంటుంది. గరుకు వెంట్రుక పొట్టిగా ఉన్నా సోఫా నేతలోకి సూదిలా దిగుతుంది. గాలితో ఎంత లాగినా రాదు, ఏదో ఒకటి దాన్ని గీకి పైకి లేపాలి. మల్లి బొచ్చు సన్నం, తేలిక. మంచం కింద ఉండలు కట్టి, ఫ్యాన్ వేస్తే దొర్లుకుంటూ బయటికొస్తుంది. దాన్ని ఏ మెషీనైనా తీస్తుంది. మెషీన్‌కి అసలు పరీక్ష పెట్టేది బంటి బొచ్చే.

మొదట కొన్నది వైరు లేని కర్రలాంటి మోడల్. చవక, తేలిక, గోడకి తగిలించుకోవచ్చు. మొదటి మూడు నెలలు చాలా సంతోషంగా వాడాను. ఆ తర్వాత రెండు ఇబ్బందులు మొదలయ్యాయి. ఒకటి బ్యాటరీ. పెట్టె మీద రాసిన నిమిషాలు తక్కువ స్పీడుకి లెక్క. తివాచీ మీద బొచ్చు రావాలంటే ఎక్కువ స్పీడు పెట్టాలి, అప్పుడు పది నిమిషాలు కూడా ఉండేది కాదు. ఏడాది దాటేసరికి అది ఆరు నిమిషాలకి దిగింది. బ్యాటరీ విడిగా కొందామని అడిగితే మెషీన్ ధరలో దాదాపు సగం చెప్పారు.

రెండోది రోలర్, అంటే మెషీన్ మూతిలో గిరగిరా తిరిగే బ్రష్. ఒక సాయంత్రం హాల్లో ఊడుస్తుంటే మోటారు గొంతు మారింది. మామూలుగా వచ్చే హోరు పోయి సన్నగా, ఈలలా మూలుగుతోంది. ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది, వెంటనే దానంతట అదే ఆగిపోయింది. బ్రష్ తిప్పి చూస్తే పైకి శుభ్రంగానే ఉంది. చివర ఉన్న మూత స్క్రూడ్రైవర్‌తో ఊడదీశాను. రోలర్ ఇరుసు చుట్టూ బొచ్చు, దారపు కండెకి దారం చుట్టినట్టు, గట్టిగా, నల్లగా బిగిసిపోయి ఉంది. కత్తెర మొన కూడా దూరలేదు. బ్లేడుతో పొడుగ్గా గీసి, పట్టకారుతో పొరలు పొరలుగా లాగాను. గంటన్నర పట్టింది. అంతా తీశాక చూస్తే ఒకవైపు బేరింగ్ పట్టేసి ఉంది, చేత్తో తిప్పినా తిరగలేదు. రోలర్ విడిగా దొరకదన్నారు. మెషీన్ పక్కన పెట్టేశాను.

ఆ రోజు నుంచి ఏ మెషీన్ చూసినా నా మొదటి ప్రశ్న ఒకటే: లోపలికి వెళ్లిన బొచ్చు బయటికి తీయడం ఎంత తేలిక? లాగే బలం గురించి అందరూ చెప్తారు, దీని గురించి ఎవరూ చెప్పరు. బొచ్చు ఇరుక్కునే చోట్లు మూడు: రోలర్ చివరలు, గొట్టం వంపు, డబ్బా లోపలి జల్లెడ. ఈ మూడూ పనిముట్టు ఏదీ లేకుండా చేత్తో ఊడి వస్తేనే ఆ మెషీన్ బొచ్చు రాలే ఇంటికి పనికొస్తుంది. కొనే చోట అడిగి, ఊడదీయించి చూడండి. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు వాడుక పుస్తకం ముందే దించుకుని, రోలర్ తీసే బొమ్మ ఉందో లేదో చూడండి. ఆ బొమ్మ లేకపోతే ఆ మెషీన్ వద్దు.

రెండోది బాగా వెతికి కొన్నాను. నేల మీద లాక్కెళ్లే వైరు మోడల్, సంచి లేదు, డబ్బాతో వస్తుంది. వాడటం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది.

దీన్ని ఎంచుకునేటప్పుడు వాట్ల మీద నాకున్న భ్రమ పోయింది. వాట్లంటే మోటారు తీసుకునే కరెంటు, లాగే బలం కాదు. యూరోపియన్ యూనియన్ 2014లో వాక్యూమ్ క్లీనర్లకి 1600 వాట్ల హద్దు పెట్టి, 2017లో దాన్ని 900 వాట్లకి దించింది. గాలి దారి, బ్రష్ సరిగ్గా తయారు చేస్తే ఆ కరెంటుతోనే తివాచీలు శుభ్రమవుతాయి. కొన్ని పెట్టెల మీద పాస్కళ్లలో అంకె ఉంటుంది. అది ఎక్కువగా గాలి దారి మూసేసి కొలిచే లాగుడు. బొచ్చు గొట్టం పొడుగునా కొట్టుకుపోవాలంటే గాలి ధారాళంగా పారాలి కూడా. కాబట్టి ఆ అంకె ఒక్కటీ చూసి కొనకండి.

బ్రష్‌లో రెండు రకాలున్నాయి, ధరలో తేడా ఎక్కువగా ఇక్కడే వస్తుంది. టర్బో బ్రష్ అనేది లోపలికి పోయే గాలి తోపుకి తిరుగుతుంది. ఇంకోదానికి సొంత మోటారు ఉంటుంది. డబ్బా నిండుతూ గాలి తగ్గేకొద్దీ టర్బో బ్రష్ నీరసిస్తుంది, మందపాటి తివాచీ మీద కాస్త నొక్కితే చాలు ఆగిపోతుంది. మోటారు బ్రష్ అలా ఆగదు. గుర్తుపట్టడం తేలికే: గొట్టానికి బ్రష్ తగిలించే చోట చిన్న లోహపు పిన్నులుంటే మోటారుది, ఏమీ లేకపోతే గాలిది. ఇంట్లో తివాచీలు, గుడ్డ సోఫాలు ఉంటే మోటారు బ్రష్‌కి డబ్బు పెట్టండి, మిగతా హంగులు తగ్గించుకోండి. నేల అంతా టైల్సే అయితే ఆ ఖర్చు అక్కర్లేదు. గట్టి నేల మీద తిరిగే రోలర్ వెంట్రుకల్ని అటూ ఇటూ చిమ్ముతుంది కూడా. రోలర్ ఆపే స్విచ్ ఉండాలి, లేదా మెత్తటి కుచ్చు ఉన్న మామూలు బ్రష్ ఒకటి తోడు రావాలి.

సోఫాకీ మెట్లకీ చిన్న బ్రష్ విడిగా వస్తుంది. నా మెషీన్‌తో వచ్చింది గాలిదే. పని చేస్తుంది కానీ నెమ్మది. అందుకని ముందు రబ్బరు గ్లవ్‌ని కొంచెం తడిపి సోఫాని ఒకే వైపుకి నిమురుతాను. నేతలో దిగిన బొచ్చంతా తాడులా పేనుకుని అంచుకి చేరుతుంది. ఆ తాడు చేత్తో తీసి పారేసి, మిగిలింది మెషీన్‌తో లాగుతాను. ఇలా చేసినప్పటి నుంచి డబ్బా నిండటమే తగ్గింది.

ఇక ఈ మెషీన్‌లో నచ్చని సంగతి. డబ్బా ఖాళీ చేయడం. మూత తెరిస్తే దుమ్ము రాలుతుంది కానీ బొచ్చు రాలదు. మధ్యలో ఉన్న జల్లెడ చుట్టూ కంబళిలా అల్లుకుపోయి ఉంటుంది. వేళ్లు పెట్టి లాగాలి, లాగినప్పుడు పొడి ముఖాన లేస్తుంది. మా పాపకి పిల్లి అంటే ఎలర్జీ ఉందని తెలిసినప్పుడు ఇది చిన్న విషయం కాదని అర్థమైంది. పిల్లి ఎలర్జీకి ముఖ్య కారణం వెంట్రుక కాదు, పిల్లి ఉమ్ములో, చర్మంలో ఉండే ఒక ప్రొటీన్. ఒళ్లు నాక్కున్నప్పుడు అది బొచ్చుకి అంటుతుంది, ఎండి సన్నటి పొడిగా గాల్లో చాలాసేపు తేలుతుంది. ఇప్పుడు నేను ఒక్కణ్నే బాల్కనీలోకి వెళ్లి, మాస్కు పెట్టుకుని, డబ్బాని పెద్ద ప్లాస్టిక్ సంచిలోకి దించి ఖాళీ చేస్తున్నాను. ఇంట్లో ఆయాసం, ఎలర్జీ ఉన్నవాళ్లుంటే నా మాట విని సంచి ఉన్న మోడల్ తీసుకోండి. సంచులు కొంటూ ఉండాలి, నిజమే. కానీ బొచ్చూ దుమ్మూ లోపలే ఉండగానే మూతి మూసి పారేయొచ్చు.

ఫిల్టర్ గురించి ఇంకొక్క మాట. హెచ్13 తరగతి హెపా ఫిల్టర్ అత్యంత సన్నటి కణాల్లో కూడా 99.95 శాతం పట్టాలి. కానీ ఆ పని ఫిల్టర్ ఒక్కదానిదే కాదు. ఫిల్టర్ చుట్టూ ఉన్న రబ్బరు అంచు సరిగ్గా కూర్చోకపోతే గాలి పక్కనుంచి జారుకుంటుంది. నెల వాడాక ఫిల్టర్ తీసి దాని అంచు చూడండి. అక్కడ బూడిద రంగు గీత పడి ఉంటే దుమ్ము తిరిగి గదిలోకే వస్తోంది. కడిగే ఫిల్టర్ అయితే పూర్తిగా ఆరనివ్వండి, నేను ఒక రోజంతా ఆరబెడతాను. ఒకసారి తొందరపడి చెమ్మగా ఉండగానే పెట్టాను. రెండు వారాలు ఇల్లంతా తడి కుక్క వాసన. ఆ ఫిల్టర్ పారేసి కొత్తది కొనాల్సి వచ్చింది. ఇప్పుడు రెండు ఫిల్టర్లు ఉంచుకుని మార్చి మార్చి వాడుతున్నాను.

మా అక్కావాళ్లు రెండు నెలలు ఊళ్లో లేనప్పుడు వాళ్ల రోబో మెషీన్ మా ఇంట్లో పెట్టుకున్నాం. మంచం కింద, టేబుల్ కింద రోజూ తిరిగి మల్లి బొచ్చు ఉండల్ని ఇష్టంగా ఏరింది. ఆ రెండు నెలలూ నేల చాలా బాగుంది. కానీ దాని డబ్బా చిన్నది, బంటి బొచ్చు ఊడే రోజుల్లో పూటకోసారి ఖాళీ చేశాను. సోఫా ఎక్కలేదు. ఒక తెల్లవారుజామున మల్లి బొచ్చు ఉండ కక్కితే, మేం లేచేలోపు రోబో దాని మీదుగా వెళ్లి హాలంతా పూసింది. చక్రాలు, బ్రష్ కడగడానికి పొద్దున్నంతా పోయింది. పెంపుడు జంతువులున్న ఇంట్లో దాన్ని మనిషి మెలకువగా ఉన్నప్పుడే తిప్పాలి. ఉన్న డబ్బుతో ఒక్కటే కొనాలంటే రోబో వద్దు.

చప్పుడు మన చెవితో కొలవకండి. మనకి 20 వేల హెర్ట్జ్ దాటితే వినపడదు, కుక్కలకి 45 వేల దాకా వినిపిస్తుంది. మనకి మామూలు హోరు అనిపించేది బంటికి ఇంకెలా ఉందో. మొదట్లో మంచం వెనక దూరి వణికేవాడు, చూస్తే కడుపులో దేవినట్టుండేది. పదిహేను రోజులు మెషీన్ ఆన్ చేయకుండా హాల్లో పెట్టి, పక్కనే వాడికి తిండి పెట్టాను. తర్వాత వేరే గదిలో ఒక్క నిమిషం నడిపాను, తర్వాత రెండు. ఇప్పుడు లేచి ఇంకో గదికి నడిచి వెళ్తాడు, వణకడు.

పిల్లి దొడ్డికి వెళ్లే తొట్టెలో వేసే మట్టిని మాత్రం మెషీన్‌తో లాగకండి. తడి తగిలితే గడ్డకట్టే రకం లోపల చెమ్మ తగిలిందంటే గొట్టానికి అతుక్కుంటుంది, పొడిగా ఉంటే దాని సన్నటి పిండి ఫిల్టర్‌ని మూసేస్తుంది. గోమార్లు, పిడుదులు ఉన్నాయని అనుమానం ఉంటే ఊడ్చిన వెంటనే డబ్బా ఇంటి బయట ఖాళీ చేయండి.

రెండేళ్లలో ఈ మెషీన్‌కి పెట్టిన ఖర్చు రెండు ఫిల్టర్లు, ఒక రోలర్. ప్రతి ఆదివారం రోలర్ చేత్తో ఊడదీసి, చివరల్లో చుట్టుకున్నది లాగేస్తాను. రెండు నిమిషాల పని. మొన్న ఆదివారం చూస్తే రోలర్ ఒకవైపు కుచ్చులు బాగా అరిగిపోయాయి. విడిగా దొరుకుతోంది కాబట్టి కొత్తదానికి ఆర్డర్ పెట్టాను. బంటికి లోపలి పొర ఊడటం మొదలైంది, కొత్త రోలర్ వచ్చేదాకా పాతదాంతోనే లాగుతున్నాను.