భీమిలి పాత మిల్లులో బస: కింద గది వద్దు, మేడ గది అడగండి

తొట్లకొండ, బీచ్ రోడ్డు, డచ్చివారి సమాధులు అన్నీ బాగానే చూశాం. రాయాల్సింది బస గురించే. భీమిలి దగ్గర మూతపడ్డ బియ్యం మిల్లును బాగుచేసి గదులుగా మార్చారు. అద్దె రోజుకు 3,800, జీఎస్టీ 190.

మాకిచ్చిన కింద గదిలో గోడ నడుమెత్తు దాకా పొక్కులే. గోరు తగిలితే చాలు, తెల్లటి ఉప్పు పొడి రాలింది. అత్తయ్య మంచం ఇవతలకి లాగించి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని పడుకుంది. అడిగితే "సముద్రం గాలండి, ఏం చేస్తాం" అన్నారు.

తప్పు గాలిది మాత్రమే కాదు. సున్నంతో కట్టిన ఇటుక గోడకి సిమెంటు పూశారు, పైన ప్లాస్టిక్ పెయింటు కొట్టారు. పాత గోడలు నేలలోని తడిని పీలుస్తాయి. సున్నపు పూతైతే ఆ తడి బయటికి ఆరిపోతుంది. సిమెంటు పోనివ్వదు. ఉప్పు పూత వెనకే పేరుకుని పెచ్చులు లేపుతుంది. ఎన్నిసార్లు రంగు వేసినా డబ్బు దండగ.

తడి మరక పైన రెండడుగుల దాకా సిమెంటు చెక్కేయాలి. ఉప్పుని పొడి బ్రష్షుతోనే దులపాలి, కడిగితే మళ్ళీ గోడలోకే ఇంకుతుంది. గోడని నెలల తరబడి ఆరనివ్వాలి, తొందరపడేది ఇక్కడే. తర్వాత నానిన సున్నం ఒక పాలు, ఏటి ఇసుక మూడు పాళ్ళు కలిపి, పొరకి 10-12 మి.మీ. మించకుండా పూసి, తడి గోనె కప్పి ఉంచాలి. సముద్రపు ఇసుక కలిపారా, ఉప్పుని చేతులారా గోడకెక్కించినట్టే. బయట నేల గది గచ్చు కన్నా దిగువన ఉండాలి.

గోస్తనీ ఒడ్డున చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడింది. అలాంటి కట్టడాల్ని ఎవరు ముట్టుకున్నా ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

మర్నాడు అదే అద్దెకి మేడ గది ఇచ్చారు. అక్కడి పని చూస్తే చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. గోడలో దూరిన టేకు దూలాల కొసలే ముందు పుచ్చుతాయి. పుచ్చిన మేరకే కోసి, కొత్త టేకు అతికి, చుట్టూ గాలాడే సందు వదిలారు. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి; మామూలు ఇనుమైతే తుప్పుకి ఉబ్బి ఇటుకనే పగలగొడుతుంది.

భోజనాల హాల్లో పాత షాఫ్టు, కప్పీలు అలాగే ఉంచారు. నెత్తళ్ళ వేపుడు 240, కరకరలాడింది. అత్తయ్య ముఖం అప్పుడు విచ్చుకుంది.

మేడ మెట్లు నిటారు, మోకాళ్ళ నొప్పులుంటే కష్టం. కింద గదే కావాలంటే, డబ్బు కట్టకముందే మంచం వెనక గోడ అడుగుభాగం ఫొటో పంపమనండి.