ఎలుకా, హ్యామ్‌స్టరా, గినీ పిగ్గా: సీమ ఎండల్లో, అద్దె ఇంట్లో ఏది మేలు?

కర్నూల్లో గానీ అనంతపురంలో గానీ అద్దె ఇంట్లో ఉంటూ కుక్కను పెంచుకుంటామంటే ఇంటి ఓనర్ ఒప్పుకోవడం కష్టం. పిల్లి ఇంటిపట్టున ఉండదు. రామచిలుక ముచ్చటగా ఉంటుంది గానీ, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పంజరంలో పెట్టి పెంచడం నేరం. మన మెట్ట నేలల్లో తిరిగే నక్షత్ర తాబేలు సంగతీ అంతే. ఇక మిగిలేవి అక్వేరియం షాపుల్లో దొరికే చిన్న జీవాలు: హ్యామ్‌స్టర్, గినీ పిగ్, కుందేలు, తెల్ల ఎలుక. వీటిలో నా ఓటు ఎలుకకే. అయితే అది అందరి ఇళ్ళకూ పనికిరాదు. ఎవరి ఇంటికి పనికిరాదో కూడా చెప్తాను.

ఎలుక అనగానే ఇంట్లో మొదట లేచేది అవ్వే. "ఏందిరా, బోను పెట్టి పట్టాల్సిన దాన్ని బోనులో పెట్టి సాకుతావా?" అంటుంది. బుడ్డల (వేరుశనగ) మూటలకు చిల్లులు పడితే కుట్లు వేసుకున్న మనిషి, అనక ఏం చేస్తుంది? కానీ ఎలుక తెలివి గురించి మనకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. పొలంలో ఎలుకల మందు పెట్టే రైతు మొదటిరోజే మందు కలపడు. నూకల్లో ఉత్త నూనె కలిపి రెండు మూడు రోజులు బొరియల దగ్గర పెడతాడు. అలవాటు పడ్డాకే మందు కలుపుతాడు. ఎలుక కొత్త తిండిని చూడగానే ఎగబడదు. కొంచెం కొరికి ఆగుతుంది. ఒంట్లో తేడా చేస్తే ఆ రుచి జోలికి మళ్ళీ పోదు. దానికి వాంతి చేసుకునే శక్తి లేదు మరి, అనుమానమే దానికి రక్ష. అంత జాగ్రత్త తెలిసిన జీవిని ఏమార్చడానికి మనిషి రెండు మూడు రోజులు పథకం వేసుకోవాల్సి వస్తోంది.

షాపులో దొరికే ఎలుక మన అటక మీది ఎలుక కాదు, గట్లు తవ్వే పందికొక్కూ కాదు. రాటస్ నార్వెజికస్ అనే గోధుమరంగు ఎలుక జాతి నుంచి నూరేళ్ళకు పైగా మనుషుల చేతుల్లో పెరిగి సాధువైన రకం ఇది. ప్రయోగశాలల్లో వాడేదీ దీన్నే. కాబట్టి ఇంట్లో దొరికిన పిల్ల ఎలుకను పాలు పోసి పెంచుదామనే ఆలోచన వద్దు. లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు వాటితో వస్తాయి. ఇంకో తిరకాసు ఏమిటంటే, కొన్ని షాపుల్లో తెల్ల చిట్టెలుకను, తెల్ల ఎలుకను ఒకే పేరుతో అమ్మేస్తారు. చిట్టెలుక ఎంత పెరిగినా 30, 40 గ్రాములు. మగ ఎలుక అర కిలో దాకా వస్తుంది. పిల్లలప్పుడు పోల్చుకోవడం కష్టమే గానీ, ఎలుక పిల్లకు పాదాలు, తల ఒంటికి మించి పెద్దవిగా ఉంటాయి.

ముందు హ్యామ్‌స్టర్ సంగతి తేల్చేద్దాం. చూడ్డానికి నలుగురిలో అదే అందగత్తె. 1930లో సిరియాలోని అలెప్పో దగ్గర మట్టి తవ్వి తీసిన ఒక్క తల్లీపిల్లల నుంచే ఇప్పుడు ఇళ్ళలో పెరిగే బంగారు రంగు హ్యామ్‌స్టర్లు దాదాపు అన్నీ వచ్చాయి. ఆ జాతి ఒంటరిది. రెండింటిని ఒకే బోనులో పెడితే రక్తాలు కారేలా కొట్టుకుంటాయి. పగలంతా నిద్రపోతుంది. స్కూలు నుంచి వచ్చిన పిల్లాడు ఆశగా చెయ్యి పెట్టి లేపితే కొరుకుతుంది. రాత్రి పదకొండుకు చక్రం ఎక్కి కరకరమని తిప్పుతుంటే మీరు నిద్రపోలేరు. మనుషులతో దానికి పెద్దగా పని లేదు. చూసి సంతోషించేవాళ్ళకైతే సరే.

గినీ పిగ్ మంచిది. నిజంగా మంచిది. కొరకడం అరుదు, పగలు మెలకువగా ఉంటుంది, ఫ్రిజ్ తలుపు తీసినా కూరగాయల కవర్ గలగలలాడినా వీక్ వీక్ మని ఈల వేస్తుంది. అయిదు నుంచి ఏడేళ్ళు బతుకుతుంది. మనలాగే దాని ఒంట్లోనూ విటమిన్ సి తయారు కాదు కాబట్టి రోజూ క్యాప్సికమ్ ముక్కో జామకాయ ముక్కో పడాలి. ఎప్పుడూ ముందర గడ్డి ఉండాలి, మనకు గరికకు కొదవ లేదు. అయితే ఒళ్ళో కూర్చుంటుందే గానీ, తనంతట తాను మీ దగ్గరికి వచ్చి ఆటకు పిలవడం తక్కువ. కుందేలు ఎనిమిది, పదేళ్ళ బాధ్యత, పైగా అది గంతులు వేయడానికి జాగా కావాలి. రెండు గదుల ఇంట్లో దాన్ని పెంచడం దాన్ని శిక్షించడమే.

ఇక ఎలుక. దాని తెలివి మీద జరిగిన ప్రయోగాలన్నీ ఏకరువు పెట్టను గానీ, పెంచేవాళ్ళకు పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. 1930లో టోల్‌మన్, హాంజిక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కొన్ని ఎలుకలను తిండి ఆశ చూపకుండా చిక్కుదారుల్లో ఊరికే తిరగనిచ్చారు. పదకొండో రోజున చివర్లో తిండి పెట్టారు. అంతే, ఇవీ తప్పులు చటుక్కున తగ్గించుకుని, మొదటినుంచీ తిండి కోసం పరుగెత్తిన ఎలుకలతో సమానమయ్యాయి. అంటే ఊరికే తిరిగిన రోజుల్లోనే దారంతా బుర్రలో పటం గీసుకున్నాయన్నమాట. ఇంట్లో వదిలినప్పుడు ఇది కళ్ళారా కనిపిస్తుంది. మొదటిరోజు గోడ వారనే మీసాలు ఆనించుకుంటూ నడుస్తుంది. కొన్నాళ్ళకు మంచం కింద నుంచి బీరువా వెనక్కి, అక్కడి నుంచి మీ ఒళ్ళోకి దానికంటూ ఒక దగ్గరి దారి ఏర్పడుతుంది. వైర్లు కొరుకుతుంది కాబట్టి ఆ దారిలో ఛార్జర్ ఉండకుండా మీరే చూసుకోవాలి.

2019లో బెర్లిన్‌లో పరిశోధకులు ఎలుకలకు దాగుడుమూతలు నేర్పారు. దాక్కునే వంతు వచ్చినప్పుడు అవి గాజులా లోపలిది బయటికి కనబడే డబ్బాను వదిలి, లోపల కనబడని డబ్బాను ఎంచుకునేవి, కిక్కురుమనకుండా కూర్చునేవి. దొరికినందుకు బహుమతి తిండి కాదు, కితకితలు. కితకితలు పెడితే ఎలుక 50 కిలోహెర్ట్జ్ దగ్గర కూతలు కూస్తుంది, మన చెవి 20 దాటి వినలేదు. మనకు వినబడేది ఇంకొకటి ఉంది: హాయిగా ఉన్నప్పుడు పళ్ళు టకటకమని నూరుతుంది, ఆ ఊపుకి కళ్ళు కూడా బయటికీ లోపలికీ అదురుతాయి. కొత్తవాళ్ళు మూర్ఛ వచ్చిందని టెన్షన్ పడతారు. ఎర్ర కళ్ళ తెల్ల ఎలుక తలను అటూ ఇటూ ఊపుతుంటే కూడా దెయ్యం పట్టలేదు, చూపు తక్కువ కాబట్టి దూరం అంచనా వేసుకుంటోంది.

షికాగోలో 2011లో చేసిన ప్రయోగం మాత్రం కొనేముందు తెలుసుకోవాల్సింది. గొట్టంలో ఇరుక్కున్న తోటి ఎలుకను విడిపించడానికి తలుపు తెరవడం ఎలాగో ఎలుకలు వాటంతట అవే నేర్చుకున్నాయి. పక్కన ఇంకో గొట్టంలో చాక్లెట్ పెట్టినా రెండూ తెరిచి, చాలాసార్లు ఆ చాక్లెట్‌లో వాటా కూడా మిగిల్చాయి. అది జాలా, తోడు కోసం తపనా అని శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఏదైనా మనకు తేలేది ఒకటే, ఎలుకను ఒంటరిగా పెంచకూడదు. ఒకే లింగానివి రెండు తేవాలి. మగా ఆడా తెస్తే మూడు వారాల గర్భం, ఒక్కో ఈతకు ఎనిమిది పది పిల్లలు, ఆ లెక్క ఎక్కడికి పోతుందో మీరే వేసుకోండి. (కంబోడియాలో మందుపాతరలు కనిపెట్టి 2020లో బంగారు పతకం తీసుకున్న మగావా వీడియో చూపించి "మనదీ అలా చేస్తుందా?" అని పిల్లలు అడుగుతారు. అది ఆఫ్రికా సంచిబుగ్గల ఎలుక, జాతే వేరు.)

అసలు పరీక్ష మన ఎండలది. మే నెలలో కర్నూలు, కడపల్లో 42, 43 డిగ్రీలు మామూలే. ఎలుకకు 30 దాటితే చాలు, కష్టమే. దానికి చెమట పట్టదు, ఒంటి వేడిలో కొంత తోక గుండా వదులుకుంటుంది. గినీ పిగ్, కుందేలు కూడా ఎండకు ఆగవు, హ్యామ్‌స్టర్‌కూ బొరియలో చల్లటి మట్టి లేదు కాబట్టి ఈ విషయంలో ఏదీ గట్టిది కాదు. అయితే ఎలుకకు నీళ్ళతో ఆట అలవాటు చేయొచ్చు. లోతు లేని పళ్ళెంలో నీళ్ళు పోసి పచ్చి బఠానీలు వేస్తే, చేతులు ముంచి ఒక్కొక్కటే తీసుకుని, రెండు చేతుల మధ్య తిప్పి తొక్క ఒలిచి మరీ తింటుంది. బోనులో ఒక బేతంచెర్ల బండ ముక్క వేయండి, మధ్యాహ్నం దాని మీదే బోర్లా పడుకుంటుంది. బోనును బల్ల మీద కాకుండా నీడలో నేల మీద పెట్టాలి. పాత మట్టి మిద్దెలో ఉండేవాళ్ళు అదృష్టవంతులు. పై అంతస్తులో స్లాబు కింద ఉంటూ, కూలర్ లేకుండా, కరెంటు పోతే పగలంతా తలుపులు వేసుకుని ఉద్యోగాలకు పోయే ఇల్లయితే నాలుగింటిలో ఏదీ వద్దు.

తిండి ఖర్చు పెద్ద లెక్కలోది కాదు. కొర్రలు, జొన్నలు, ఆకుకూర, అప్పుడప్పుడు ఉడికించిన గుడ్డు ముక్క, ఉప్పు వేయని సంగటి ముద్ద. ఉడకబెట్టిన బుడ్డ ఒకటి ఇస్తే పండగే గానీ, కొవ్వెక్కువ, రోజూ వద్దు. తిండిని స్టీలు డబ్బాలో మూత పెట్టి దాచాలి, లేకపోతే మీరు కొనని ఎలుకలు కూడా వస్తాయి. బోను కమ్మీల సందు అర అంగుళం మించకూడదు, అడుగున ఇనుప జాలీ ఉంటే పాదాలు పుండ్లు పడతాయి. పరుపు తరచూ మార్చకపోతే మూత్రం ఘాటుకు దాని ఊపిరితిత్తులు పాడవుతాయి. శ్వాస జబ్బు ఎలుకకు పెద్ద శత్రువు. ఆడవాటికి రొమ్ము గడ్డలూ ఎక్కువే. మన పట్టణాల పశువుల ఆసుపత్రుల్లో చూసేది బర్రెలను, గొర్రెలను, కుక్కలను కాబట్టి తిరుపతి, ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీలకు ముందే ఫోన్ చేసి చిన్న జీవాలను చూస్తారో లేదో కనుక్కోవాలి. కనుక్కున్నాకే కొనాలి.

అన్నిటికంటే బాధ దాని ఆయుష్షు, రెండు నుంచి మూడేళ్ళు. ఎనిమిదో తరగతిలో కొనిస్తే సరిగ్గా టెన్త్ పరీక్షల ముందు పోవచ్చు. ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పాలి. అది తట్టుకోలేరనుకుంటే, లేదా రోజూ సాయంత్రం ఒక గంట బోను బయట ఆడించే మనిషి ఇంట్లో లేకపోతే గినీ పిగ్గుల జతే మేలు. తెలివైన జీవిని నాలుగు కమ్మీల మధ్య వదిలేస్తే అది కమ్మీలే కొరుక్కుంటూ కూర్చుంటుంది. ఆరేళ్ళలోపు పిల్లలున్న ఇంటికీ గినీ పిగ్గే. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లాడు, సాయంత్రాలు ఇంట్లో ఉండే పెద్దవాళ్ళు, కింది అంతస్తు, ఓ కూలర్, ఇవి ఉంటే మాత్రం ఎలుకల జతకు సాటి లేదు.

కొనేదుంటే ఎండాకాలం పోయి వానలు పడ్డాక కొనండి. షాపులో ఎలుక ముక్కు దగ్గరో కంటి దగ్గరో ఎర్రటి మరక కనిపిస్తే అది రక్తం కాకపోవచ్చు, జబ్బులోనో బెదురులోనో ఊరే రంగు ద్రవం. అయినా తీసుకోవద్దు. మరక లేకపోయినా ఒకసారి చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపిరి వినండి. గరగర వినబడితే, షాపువాడు ధర ఎంత తగ్గించినా వదిలేసి రండి.